మొదటి ప్రతికి మార్కులు వద్దు

వేదిక మీదున్న పెద్దలకు, మాస్టార్లకు, మేడమ్‌లకు, తోటి విద్యార్థులకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే నాకిచ్చిన టైమ్ దానికే సరిపోతుంది. అందరూ ఇందులోనే ఉన్నారనుకోండి.

వ్యాసం రాయడంలో ఎలా మెరుగుపడ్డానో చెప్పమన్నారు. చిట్కాలు రాసుకొచ్చాను కూడా. కానీ ముందు ఒక బాధ చెప్పుకోవాలి. దిద్దిన కాగితం చేతికొస్తుంది. పైన మార్కు, కింద ఎర్ర సిరాతో ‘ఇంకా బాగా రాయాలి’. ఎక్కడ? ఏ పేరాలో? అడుగుదామంటే అప్పటికే పాఠం ముందుకెళ్లిపోయి ఉంటుంది. ఈ మాట ఎంతమంది కాగితాల మీద ఉందో ఒకసారి చేతులెత్తండి. చూశారా మాస్టారూ!

ఒక్కసారి మాత్రం వేరేలా జరిగింది. ‘నేటి ఆధునిక యుగంలో సెల్‌ఫోన్ విద్యార్థుల జీవితంలో కీలక పాత్ర పోషిస్తోంది’ అని మొదలుపెట్టాను. గైడ్లు నేర్పేది ఇదే కదా. మా మేడమ్ మార్కు వేయకుండా పక్కన పెన్సిల్‌తో, ‘ఏం పాత్ర? నువ్వేం చూశావు?’ అని రాసి తిరిగిచ్చారు. చాలాసేపు కూర్చుంటే ఈ వాక్యం వచ్చింది: ‘లెక్క కష్టంగా ఉందనిపించగానే నా చెయ్యి ఫోన్ మీదికి వెళ్తుంది.’ ఎందుకు వెళ్తుంది, వెళ్లాక ఆ లెక్క ఏమవుతుంది, పక్కవాళ్లకీ ఇంతేనా... తర్వాతి పేరాలు వాటంతటవే వరసకట్టాయి. వ్యాసం పొడవు మాత్రం సగానికి తగ్గింది.

చిట్కాల్లో ఒక్కటే చెప్తాను, మిగతావి మీకు తెలిసినవే. రాయడం అయ్యాక ప్రతి పేరా పక్కన అదేం చెప్తోందో ఒక్క ముక్కలో రాయండి. రెండిటి పక్కన ఒకటే వస్తే ఒకదాన్ని కొట్టేయాలి. రాయడానికి ఏమీ తోచకపోతే ఆ పేరాలో ఏమీ లేదన్నమాట. మనసొప్పదు. అందులో మంచి కొటేషన్ ఉంటే అసలొప్పదు.

వ్యాసానికి ఆద్యుడని చెప్పుకునే ఫ్రాన్స్ రచయిత మాంటేన్ 1580లో తన వ్యాసాలు అచ్చువేశాడు. 1588లో పెంచి మళ్లీ వేశాడు. అంతటితో ఆగాడా? 1592లో చనిపోయేదాకా ఆ అచ్చు ప్రతి అంచుల్లో చేర్పులు రాస్తూనే ఉన్నాడు. మనకేమో గంట టైమ్! పరీక్ష హాల్లో తప్పదు, సరే. క్లాసులో కూడానా?

అందుకే మాస్టార్లకు నా మనవి. మొదటిసారి రాసిన కాగితం మీద మార్కు వేయకండి. ఒక వాక్యం కింద గీత గీసి, ఒక ప్రశ్న రాసి మాకిచ్చేయండి. మళ్లీ రాసి తెచ్చాక మార్కులు వేయండి. మీకు పని పెరుగుతుందని తెలుసు. అందరివీ మీరే చూడక్కర్లేదు, ముందు మేమే ఒకరివొకరం చదువుకుంటాం. నేను కొత్తగా రాసిన వ్యాసం ఈ సంచిలోనే ఉంది. పెన్సిల్ ఉన్నవాళ్లు మీటింగ్ అయ్యాక నన్ను కలవండి.