యుద్ధమైనా, మహమ్మారైనా లెక్క చెప్పాల్సిందే

అందరికీ నమస్కారం.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను డాక్టర్‌ని కాదు, సైన్యంలో పనిచేసినవాణ్నీ కాదు. పన్ను కట్టి, ఓటు వేసి, టీకా వేయించుకున్న మామూలు మనిషిని. రోగం ఉందని నమ్ముతాను. దేశానికి శత్రువులు ఉంటారనీ నమ్ముతాను. ఆ రెండింటి పేరు చెప్పి మన నోరు మూయించినప్పుడే నాకు అనుమానం మొదలవుతుంది.

1918లో వచ్చిన ఫ్లూకి స్పెయిన్ పేరు ఎలా వచ్చిందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అప్పుడు మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. జనం ధైర్యం సడలిపోతుందని యుద్ధంలో ఉన్న దేశాలు పత్రికలకి కళ్లెం వేశాయి. సైనిక శిబిరాల్లో పడుచు కుర్రాళ్లు రాలిపోతున్నా ఆ వార్తలు సరిగా బయటికి రాలేదు. స్పెయిన్ ఆ యుద్ధంలో లేదు. అక్కడి పత్రికలు ఉన్నది ఉన్నట్టు రాశాయి, రాజు పదమూడో అల్ఫాన్సో మంచం పట్టాడని కూడా రాశాయి. దాంతో రోగం అక్కడే పుట్టిందని లోకం అనుకుంది. దాచినవాళ్లకి ఏ మచ్చా అంటలేదు, చెప్పినవాళ్ల పేరు మాత్రం ఆ రోగానికి వందేళ్లుగా అంటుకునే ఉంది.

అదే ఏడాది సెప్టెంబర్ 28న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో యుద్ధ ఖర్చు కోసం జనం దగ్గర అప్పు తీసుకునే యుద్ధ బాండ్లు అమ్మడానికి పెద్ద ఊరేగింపు పెట్టారు. ఫ్లూ అప్పటికే నగరంలో అడుగుపెట్టింది. వద్దని డాక్టర్లు మొత్తుకున్నారు. అధికారులు వినలేదు. దాదాపు 2 లక్షల మంది రోడ్ల మీదికి వచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆస్పత్రులు నిండిపోయాయి, శవపేటికలు చాలలేదు. ప్రమాదం తెలిసే జరిగింది ఇదంతా. బాండ్లు అమ్ముడుపోవడం ఆ రోజు ప్రాణాల కంటే ముఖ్యమైపోయింది.

వందేళ్ల తర్వాత యుద్ధమనే మాటే మహమ్మారిలోకి వచ్చింది. 2020 మార్చి 16న ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ టీవీలో 'మనం యుద్ధంలో ఉన్నాం' అని ఆరుసార్లు అన్నాడు. చాలా దేశాల నాయకులు అదే పాట అందుకున్నారు. జనాన్ని అప్రమత్తం చేయడానికే అన్నారనుకుందాం. కానీ ఒకసారి యుద్ధం అనేశాక, ఆక్సిజన్ లేదని చెప్పిన నర్సు కూడా శత్రువుకి సాయం చేసినట్టే కనిపిస్తుంది. సేనలు ఎటు కదులుతున్నాయో దాచాలి, ఒప్పుకుంటాను. పడకలు ఎన్ని ఉన్నాయో, ఎంతమంది పోయారో ఎందుకు దాచాలి? వైరస్ మన లెక్కలు చూసి ఎత్తు మార్చుకోదు కదా.

2020, 2021 రెండేళ్లలో కోవిడ్ వల్ల నేరుగా గానీ, పరోక్షంగా గానీ మామూలుగా చనిపోయేవాళ్ల కంటే సుమారు 1 కోటి 49 లక్షల మంది అదనంగా చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. దేశాలన్నీ అధికారికంగా చెప్పిన కోవిడ్ మరణాలు 54 లక్షల చిల్లర. ఆ తేడా అంతా అబద్ధమేనని నేను అనను. టెస్టులు లేక, నమోదు సరిగా లేక, వేరే జబ్బుకి వైద్యం అందక పోయినవాళ్లూ అందులో ఉన్నారు. కానీ లెక్కలోకి ఎక్కని మనిషి ఇంటివాళ్లు సాయం అడగాలంటే వాళ్ల చేతిలో కాగితం ఉండదు. నాకు బాధ అక్కడ.

ఇంకో సంగతి నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది. 2011లో పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో బిన్ లాడెన్ కోసం వెతుకుతూ అమెరికా గూఢచార సంస్థ సీఐఏ ఒక డాక్టర్ చేత హెపటైటిస్ బి టీకాల కార్యక్రమం నడిపించింది. టీకా పేరుతో, అతను దాక్కున్నాడని అనుమానించిన ఇంటివాళ్ల డీఎన్‌ఏ సంపాదించాలని ప్లాన్. అది బయటపడ్డాక, టీకా వేసేవాళ్లంటే గూఢచారులే అని ప్రచారం చేసేవాళ్లకి చేతికి ఆయుధం ఇచ్చినట్టయింది. 2012 డిసెంబర్‌లో పోలియో చుక్కలు వేయడానికి వెళ్లిన ఆడవాళ్లని కాల్చి చంపారు. ఇక మీద టీకా కార్యక్రమాలని అలా వాడుకోబోమని వైట్‌హౌస్ చెప్పింది 2014లో. యుద్ధంలో ఒక పని సాధించుకోవడానికి పసిపిల్లల టీకా మీద ఉన్న నమ్మకాన్ని ఖర్చుపెట్టేశారు. ఆ చుక్కలు పడక కాళ్లు చచ్చుబడిన పిల్లాడికి ఎవరు జవాబు చెబుతారు?

ఇరాక్ సంగతి అందరికీ తెలిసిందే. సామూహిక విధ్వంస ఆయుధాలున్నాయని అమెరికా, బ్రిటన్ 2003లో దాని మీద దాడి చేశాయి, ఆ నిల్వలు దొరకలేదు. ఆ యుద్ధంలోకి తాము ఎలా వెళ్లామో చెప్పే విచారణ నివేదికను బ్రిటన్ 2016లో బయటపెట్టింది. పదమూడేళ్లు పట్టింది.

అధికారం చేతికి వచ్చాక వదలడం ఎంత కష్టమో హంగరీని చూస్తే తెలుస్తుంది. 2020 మార్చి 30న అక్కడి పార్లమెంటు, కోవిడ్ పేరుతో ఉత్తర్వుల మీదే పాలించే అధికారాన్ని గడువు తేదీ లేకుండా ప్రభుత్వానికి ఇచ్చింది. విమర్శలు వచ్చి జూన్‌లో తీసేశారు, నవంబర్‌లో మళ్లీ అత్యవసర పరిస్థితి పెట్టారు. 2022 మే చివర కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగియబోతుండగా, పక్కనున్న ఉక్రెయిన్‌లో యుద్ధం ఉందని కొత్తది ప్రకటించారు. అందుకే నేను అడిగేది ఒక్కటే: అత్యవసర ఉత్తర్వు ఏదైనా సరే, అది ఏ రోజుతో చెల్లిపోతుందో అందులోనే రాయండి. పొడిగించాలంటే మళ్లీ సభకి వచ్చి కారణం చెప్పండి.

ప్రభుత్వాలు చేసేదంతా కుట్ర అనేవాళ్లతో నాకు పొత్తు లేదు. మశూచి పోయిందని 1980లో ప్రకటించగలిగామంటే, ప్రచ్ఛన్న యుద్ధంలో ఎదురెదురుగా నిలబడ్డ అమెరికా, సోవియట్ యూనియన్ ఆ పనిలో కలిసి నడిచాయి. 1985లో మధ్య అమెరికా దేశం ఎల్ సాల్వడార్‌లో అంతర్యుద్ధం నడుస్తుండగానే పిల్లలకి టీకాలు వేయడం కోసం కొన్ని రోజులు తుపాకులు ఆపారు. చేయగలరని తెలుసు కాబట్టే నాకు కోపం.

చైనాలోని వూహాన్‌లో కంటి డాక్టర్ లీ వెన్‌లియాంగ్ 2019 డిసెంబర్ 30న అక్కడ కొత్తగా కనిపిస్తున్న రోగం గురించి తనతో చదువుకున్న డాక్టర్లని జాగ్రత్తగా ఉండమని హెచ్చరించాడు. జనవరి 3న పోలీసులు పిలిపించి, వదంతులు మానుకోవాలని ఒక కాగితం ముందు పెట్టారు. అర్థమైందా అని ఆ కాగితంలో ఒక ప్రశ్న. 'అర్థమైంది' అని రాసి సంతకం పెట్టాడు. ఫిబ్రవరి 7న అదే రోగంతో, అంటే కోవిడ్‌తో చనిపోయాడు. ఆ మందలింపుని రద్దు చేసి, పోలీసులు ఆయన కుటుంబానికి క్షమాపణ చెప్పింది మార్చి 19న.

నేను చెప్పాల్సింది చెప్పాను. ఇక మీరు అడగండి.