బెల్టు మీద మీ బ్యాగ్ రాకపోతే

[తెర మీద: ఖాళీగా తిరుగుతున్న బ్యాగేజ్ బెల్టు]

అందరూ సామాన్లు తీసుకుని వెళ్లిపోయారు. మీ బ్యాగ్ మాత్రం రాలేదు. ప్రయాణ బడలిక, పైగా టెన్షన్. రేపు ఫోన్ చేసి కనుక్కుందాంలే అనిపిస్తుంది. దయచేసి అలా వెళ్లిపోకండి. అక్కడే ఎయిర్‌లైన్ బ్యాగేజ్ కౌంటర్‌లో ఫిర్యాదు రాయించండి. దీన్ని పీఐఆర్ అంటారు.

[తెర మీద: బోర్డింగ్ పాస్ వెనక అంటించిన స్టిక్కర్]

చెకిన్‌లో ఇచ్చే ఈ చిన్న స్టిక్కర్‌ని చాలామంది పారేస్తారు. మీ బ్యాగ్ ట్యాగ్ నంబర్ ఉండేది దీని మీదే. కౌంటర్‌లో ముందుగా అడిగేదీ ఇదే. ఫిర్యాదు తీసుకున్నాక మీకో రిఫరెన్స్ నంబర్ ఇస్తారు. అందులో మొదటి మూడక్షరాలు ఎయిర్‌పోర్టువి, తర్వాతి రెండు ఎయిర్‌లైన్‌వి, చివర ఐదంకెలు. అది చేతికొచ్చాకే బయటికి కదలండి.

బ్యాగ్ చేతికొచ్చినా, అది పాడై ఉంటే ఫిర్యాదు చేయకుండా వదలకండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, అంతర్జాతీయ ప్రయాణాలకు వర్తించే 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, మీరు ఏ ఫిర్యాదూ లేకుండా బ్యాగ్ తీసుకెళ్తే అది బాగానే అందినట్టు లెక్క. కాదని నిరూపించుకునే భారం మీదే.

[తెర మీద: 7 రోజులు, 21 రోజులు]

బ్యాగ్ పగిలినా, చిరిగినా 7 రోజుల్లోపు రాతపూర్వకంగా చెప్పాలి. ఆలస్యంగా వస్తే, అది చేతికందిన రోజు నుంచి 21 రోజుల్లోపు. అసలు రావాల్సిన తేదీ దాటి 21 రోజులైనా రాకపోతే, పోయినట్టే లెక్కగట్టి పరిహారం అడగొచ్చు. నన్నడిగితే, ఈ గడువుల్ని టికెట్ మీదే పెద్దక్షరాల్లో వేయాలి. న్యాయంగా రావాల్సిన డబ్బు తేదీ దాటిందన్న ఒక్క కారణంతో పోకూడదు.

బ్యాగ్ వచ్చేదాకా కొనుక్కున్న బట్టలు, బ్రష్ లాంటివాటి రసీదులు దాచండి. అవసరమైన ఖర్చులే అడగగలరు.

పరిహారానికి పరిమితి ఉంది. 2024 డిసెంబర్ 28 నుంచి ఒక్కో ప్రయాణికుడికి గరిష్ఠంగా 1,519 ఎస్‌డీఆర్. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కగట్టే యూనిట్, దాని విలువ రోజూ మారుతుంది. అంతకన్నా విలువైన సామాను ఉంటే చెకిన్‌లోనే ప్రత్యేకంగా ప్రకటించి, అడిగితే అదనపు రుసుము కట్టాలి. నగలు, మందులు, ల్యాప్‌టాప్ మాత్రం చేతి సంచిలోనే పెట్టుకోండి.

రెండు మూడు ఎయిర్‌లైన్లు మారి వచ్చారా? సాధారణంగా చివరి ఎయిర్‌లైన్ కౌంటర్‌లోనే ఫిర్యాదు రాయించాలి. ఎంతకీ తేల్చకపోతే, గమ్యం చేరిన తేదీ నుంచి 2 సంవత్సరాల్లోపు కోర్టుకు వెళ్లొచ్చు.