కాలవ కట్టేసినట్టు

శ్రోతలకు నమస్కారం. మాది అమలాపురం దగ్గర కాలవగట్టు మీద ఊరు. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి మూడు నెలలకోసారి హార్మోన్ ఇంజక్షన్ చేయించుకుంటున్నాను, రెండేళ్లయింది. డాక్టర్ని కాను, మందుల మోతాదులు చెప్పను. ఆ ఇంజక్షన్‌తో ఎలా నెట్టుకొస్తున్నానో చెబుతాను.

ముందు ఆవిర్ల సంగతి. మాఘమాసం, తెల్లవారుజామున మంచు పడుతోంది. దుప్పటి ముసుగేసి పడుకున్నవాణ్ణి ఉన్నట్టుండి లేచి కూర్చున్నాను. ఛాతీలోంచి మొహానికి సెగ ఎక్కింది. బనీను తడిసి ముద్దయింది. కాసేపటికి చలి. గుండెపోటేమోనని టెన్షన్. మా ఆవిడ లేచి చూసి నింపాదిగా అంది: "నాకు నలభై ఎనిమిదో ఏట ఇదే కదండీ వచ్చింది. అప్పుడు మీరు ఫ్యాను మీ వైపు తిప్పుకుని పడుకున్నారు."

నిజమే. ముట్లు ఆగిపోయే వయసులో ఆడవాళ్లకి ఈస్ట్రోజన్ పడిపోతుంది. మాకు ఇంజక్షన్ టెస్టోస్టిరాన్‌ని పడగొడుతుంది. ఆ మగ హార్మోన్ తగ్గితే ఈ క్యాన్సర్ వెనక్కి తగ్గుతుందని 1941లో చార్లెస్ హగిన్స్ అనే సర్జన్ చూపించాడు, 1966లో నోబెల్ అందుకున్నాడు. ఆయన రోజుల్లో వృషణాలు తీసేయడమో, ఈస్ట్రోజన్ ఇవ్వడమో చేసేవారు. ఇప్పటి సూదిమందు మెదడు నుంచి వృషణాలకి వెళ్లే కబురునే ఆపేస్తుంది. మన డెల్టా మాటల్లో చెప్పాలంటే, కాలవ కట్టేయడం. కలుపు ఎండుతుంది, నిజమే. గట్టు మీద పచ్చికా వాడుతుంది. ఎముక, కండ, ఓపిక, కోరిక అన్నీ ఆ నీళ్ల మీదే బతికేవి.

కొందరికి వేడి వేడి కాఫీ, కారం, మద్యం పడితే ఆవిర్లు ఎక్కువవుతాయి. నాకు కాఫీయే శత్రువని చీటీ మీద టైము రాసుకుంటే తేలింది. మరీ నిద్ర పట్టకపోతే డాక్టర్లు మాత్రలిస్తారు, అడగాలి. మా గదిలో రెండో ఫ్యాను వేయించాను. పదిహేడేళ్లు లేటంది మా ఆవిడ.

నేను భయపడేది ఆవిర్లకి కాదు, ఎముకలకి. ఎముక గుల్లబారుతుంటే నొప్పి ఉండదు, విరిగాకే తెలుస్తుంది. మనవేమో నాచు పట్టిన రేవు మెట్లాయె. ఎముక గట్టిదనం చూసే డెక్సా స్కాన్ తీయించుకోండి. కాల్షియం, విటమిన్ డి ఎంతో డాక్టరే చెప్పాలి. రాగిజావ, పెరుగు, ముల్లుతో నమిలే చిన్న చేపలు మన ఇళ్లలో ఉన్నవే. నడక ఒక్కటే చాలదు, కండకి పని పెట్టాలి. నేను కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చుంటాను, రోజూ పదేసి సార్లు, మూడు విడతలు. జబ్బు ఎముకలకి పాకినవాళ్లు మాత్రం అడగకుండా బరువులెత్తకూడదు. విచిత్రమేమిటంటే, నీరసంగా ఉందని పడుకుంటే అది ఇంకా పెరుగుతుంది.

నడుము చుట్టుకొలత పెరుగుతుంది, షుగరు, కొలెస్ట్రాల్ కూడా. ఆత్రేయపురం పూతరేకు ఇప్పుడు నాకు పండక్కి ఒక్కటే. రొమ్ములు సలపొచ్చు. ఏడుపూ వస్తుంది. మేనకోడలి అప్పగింతల్లో పెళ్లికూతురి కంటే నేనే ఎక్కువ ఏడ్చాను.

ఇవన్నీ ఎందుకని ఇంజక్షన్ మీ అంతట మీరు మానేయకండి. కొందరికి మధ్యలో విరామం ఇస్తారు, అది డాక్టరు లెక్క. నడుంనొప్పితో పాటు కాళ్లు పట్టు తప్పినా, మూత్రం బిగిసినా రేపటిదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇంకొక్కటి మిగిలింది, రేడియోలో ఎలా చెప్పాలో తెలియక చివరికి పెట్టాను. కోరిక పోతుంది. నేను వేరే మంచం వేసుకున్నాను, కారణం చెప్పలేదు. ఏడు నెలలయ్యాక, కాలవగట్టు మీద ముందొకరం వెనకొకరం నడుస్తుండగా, మొహాలు చూసుకోనక్కర్లేదు కదా, చెప్పేశాను. వెనక అడుగుల చప్పుడు ఆగింది.

"ఇన్నాళ్లూ నామీద కోపమనుకున్నానండీ" అంది.