పదమూడో నెల పరీక్ష

శ్రోతలకు నమస్కారం.

జీవిత బీమా ఏజెంటు తన పనితనాన్ని ఈ నెల ఎన్ని పాలసీలు చేశానన్న లెక్కతో కొలుచుకుంటాడు. కంపెనీలు ఇంకో లెక్క కూడా చూస్తాయి. అది పదమూడో నెల లెక్క. ఏడాది తిరిగాక ఎంతమంది మళ్లీ ప్రీమియం కట్టారన్నది అందులో తేలుతుంది. మాటకారితనం సంతకం దాకా తీసుకెళ్తుంది గానీ పదమూడో నెల దాటించలేదు. ఈ రోజు మాటలన్నీ ఆ దాటించే పని గురించే. మీరు ఏజెంటు కాకపోయినా వినండి. రేపు మీ ఎదుట కూర్చునే ఏజెంటు ఏం అడగాలో తెలుస్తుంది, ఏమీ అడక్కుండానే ఫారం తీస్తే పోల్చుకోగలుగుతారు.

ఫోనులో పాలసీ గురించి మాట్లాడకండి. ఫోను చేసేది టైము తీసుకోవడానికే. "అరగంట కావాలండీ, మీరిద్దరూ ఇంట్లో ఉండేది బుధవారం సాయంత్రమా, శనివారం పొద్దున్నా?" అంటే చాలు. ఇద్దరూ ఉండాలని ఎందుకంటే, భర్త ఒక్కడికే చెప్పి వస్తే ఆ అరగంట మాటల్ని ఆయన భార్యకు రెండు ముక్కల్లో చెబుతాడు. ఆ రెండు ముక్కల్లో ప్రీమియం ఎంతన్నది ఒక్కటే మిగులుతుంది.

కూర్చున్నాక బ్రోచర్ సంచిలోనే ఉండనివ్వండి. ఒక తెల్లకాగితం తీసి, పెన్ను వాళ్ల చేతికే ఇవ్వండి. లెక్క ఇలా నడుస్తుంది. ఇంటి ఖర్చు నెలకు 40 వేలు అనుకుందాం. అందులో సంపాదించే మనిషి సొంత ఖర్చు 10 వేలు. ఆ మనిషి లేని ఇంటికి నెలకు 30 వేలు, ఏడాదికి 3 లక్షల 60 వేలు కావాలి. చిన్నబిడ్డ తన కాళ్ల మీద నిలబడటానికి 15 ఏళ్లు పడుతుందంటే 54 లక్షలు. తీర్చాల్సిన అప్పు 12 లక్షలు కలిపితే 66 లక్షలు. ఇప్పటికే ఉన్న బీమా 10 లక్షలు, దాచుకున్నది 6 లక్షలు తీసేస్తే, మిగిలిన లోటు 50 లక్షలు. ధరలు పెరుగుతాయి కదా అని ఎవరైనా అడుగుతారు. చేతికొచ్చే మొత్తం మీద వడ్డీ కూడా వస్తుంది, రెండూ ఒకదానికొకటి చెల్లు అనుకుని వేసిన మోటు లెక్క ఇది. ధరలు వడ్డీని మించి పెరిగితే 50 లక్షలు చాలవు. ఆ మాట ముందే చెప్పేయడం మంచిది.

తమ చేత్తో రాసుకున్న అంకెతో ఎవరూ వాదించరు. చావు గురించి భయపెట్టాల్సిన అవసరమూ రాదు.

ఎక్కువమంది జారేది దీని తర్వాతే. 50 లక్షల లోటు కాగితం మీద కనిపిస్తూనే ఉంటుంది, ఏజెంటు మాత్రం పొదుపు కలిసిన పాలసీ తీస్తాడు. దానికి ప్రీమియం ఎక్కువ, అందువల్ల కమీషనూ ఎక్కువ. కుటుంబం ఆ ప్రీమియం మోయలేదు కాబట్టి 50 లక్షలు కాస్తా 5 లక్షలవుతుంది. అవసరం రక్షణ అయినప్పుడు ముందు టర్మ్ పాలసీతో, అంటే పొదుపు లేకుండా గడువులోపు మనిషి పోతేనే డబ్బు వచ్చే పాలసీతో, లోటు పూడ్చాలి, పొదుపు మాట తర్వాత.

"పది లక్షలు కడితే ఇరవై లక్షలు, డబుల్!" అనే మాటనైతే పూర్తిగా మానేయాలి. ఏటా మొదట్లో లక్ష చొప్పున పదేళ్లు కట్టి, మొదటి ప్రీమియం కట్టిన రోజు నుంచి ఇరవై ఏళ్లకు 20 లక్షలు తీసుకుంటే పడే వడ్డీ ఏడాదికి దాదాపు 4.5 శాతం. కస్టమర్ ఇంట్లో లెక్కలు తెలిసినవాళ్లు ఒకరుంటారు. రెండో ప్రీమియం లోపు వాళ్లు ఆ లెక్క వేస్తారు.

ప్రీమియం ఎంత పెట్టాలో తేల్చడానికి బాగా గడిచిన నెల గురించి అడక్కండి, కటకటగా గడిచిన నెలలో ఎంత మిగిలిందో అడగండి. ఆదాయం ఏడాదిలో ఒకటి రెండు సార్లే వచ్చేవాళ్లకు, డబ్బు చేతికొచ్చే నెలలోనే గడువు పడేలా పాలసీ మొదలుపెట్టాలి.

"ఆలోచించి చెప్తాం" అన్నారంటే సాధారణంగా మూడు కారణాల్లో ఒకటి: అర్థం కాలేదు, ప్రీమియం బరువనిపించింది, లేదా మీ మీద నమ్మకం కుదరలేదు. "ఏ విషయం తేలాలండీ?" అని అడిగి, ఊరుకోండి. ఆ మౌనం భరించలేక మళ్లీ మాట్లాడేవాడు జవాబు వినకుండానే లేచి వస్తాడు. మొదటి ప్రీమియంలో కొంత నేనే కడతానని ఆశపెట్టడం చాలాచోట్ల చట్టవిరుద్ధం. అలా చేరినవాళ్లు రెండో ఏడాదీ అదే అడుగుతారు.

ప్రపోజల్ ఫారంలో ఆరోగ్యం ప్రశ్నలన్నిటికీ గబగబా "లేదు" అని టిక్కు పెట్టేయడం ఈ వృత్తిలో అన్నిటికన్నా పెద్ద తప్పు. ప్రతి ప్రశ్నా పైకి చదవాలి. షుగరుందా, బీపీ మాత్ర వేసుకుంటున్నారా, సిగరెట్టు తాగుతారా? పొగాకు వాడకం మూత్రపరీక్షలో కొటినిన్ (నికోటిన్ నుంచి ఒంట్లో తయారయ్యే పదార్థం) రూపంలో బయటపడుతుంది. చెబితే చాలాసార్లు ప్రీమియం పెరుగుతుంది. దాస్తే క్లెయిమ్ రోజున పాత వైద్యం కాగితాలు బయటికొస్తాయి, అప్పుడు ఆ ఇంటి గడపలో సమాధానం చెప్పాల్సింది ఏజెంటే.

పాలసీ పత్రం చేతికిచ్చే రోజు మరో పావుగంట కూర్చోండి. పేరు, పుట్టిన తేదీ, నామినీ, గడువు తేదీ వేలు పెట్టి చూపించండి. నచ్చకపోతే ఎన్ని రోజుల్లో వెనక్కి ఇవ్వొచ్చో మీరే చెప్పండి. కొత్త పేర్లు అడగడానికి కూడా ఇదే సమయం. "ఎవరైనా ఉన్నారా?" అంటే ఎవరూ గుర్తురారు. "మీతో పనిచేసేవాళ్లలో ఈమధ్య పెళ్లయినవాళ్లు, ఇల్లు కొన్నవాళ్లు ఎవరు?" అంటే ఒక ముఖం కళ్లముందు మెదులుతుంది.

ఆ రోజే డైరీలో పదకొండో నెల దగ్గర ఒక ఫోను రాసి పెట్టుకోండి. ఆగిపోయిన పాలసీలన్నీ డబ్బుల్లేక ఆగినవి కావు. ప్రీమియం కోసుకునే బ్యాంకు ఖాతా మారి ఉంటుంది, గుర్తుచేసే సందేశం పాత ఫోను నంబరుకు వెళ్లి ఉంటుంది. కుశలం అడిగిన వెంటనే అడగాల్సినవి ఈ రెండే.

నమస్కారం.