ఆ 11 నిమిషాల ఇంటర్వ్యూ

అందరికీ నమస్కారం. పరిచయంలో నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. అందులో సగం నిజం. మిగతా సగం ఎవరి గురించో గానీ, వినడానికి బాగుంది. నాకిచ్చిన విషయం క్లౌడ్ స్టోరేజ్ పెట్టుకుని, తలా ఒక చోట కూర్చుని ఒకే సినిమా ఎడిట్ చేయడం. ఇచ్చిన సమయం ఇరవై నిమిషాలు. నేరుగా లెక్కలోకి వెళ్దాం.

నెట్ వేగాన్ని మెగాబిట్లలో చెబుతారు, ఫైలు సైజును మెగాబైట్లలో చెబుతారు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. ఈ ఎనిమిదిని మర్చిపోవడం వల్లే డెడ్‌లైన్ రోజున మనకు టెన్షన్. కెమెరా సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున 4కె రికార్డు చేస్తే గంటకు 45 జీబీ. పది గంటల రషెస్, అంటే షూట్ చేసిన ముడి ఫుటేజ్, 450 జీబీ. మీ అప్‌లోడ్ వేగం సెకనుకు 20 మెగాబిట్లు అనుకోండి. అప్‌లోడ్ అంటున్నాను, ప్రకటనలో పెద్దక్షరాల్లో వేసేది డౌన్‌లోడ్ వేగం! గంటకు 9 జీబీ వెళ్తుంది. మొత్తం చేరేసరికి 50 గంటలు. అదీ మధ్యలో లైన్ తెగకపోతే.

అందుకే ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ వరకు వాడుకునే తేలికపాటి నకళ్లు. అదే ఫుటేజ్‌ను సెకనుకు 6 మెగాబిట్ల చిన్న ఫైళ్లుగా మారిస్తే మొత్తం 27 జీబీ, మూడు గంటల్లో అవతలివాళ్లకు చేరిపోతుంది. ప్రీమియర్ ప్రో, డావిన్చీ రిజాల్వ్, ఫైనల్ కట్ ప్రో, ఈ మూడు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలోనూ ఈ వీలుంది. ఫైలు పేరు, ఫ్రేమ్ రేటు, టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేముకూ ఉండే సమయం అంకె), ఆడియో ఛానెళ్లు ఒరిజినల్‌తో సరిపోవాలి, లేకపోతే చివర్లో ప్రాక్సీల స్థానంలో ఒరిజినల్స్ కలిపేటప్పుడు, అదే రీలింక్ చేసేటప్పుడు, ఏడుపే. పేర్లు అందంగా మార్చే అలవాటున్న అసిస్టెంట్లుంటే వాళ్ల చెవిలో ఇల్లు కట్టుకుని పోరండి.

తర్వాత మన కట్‌లన్నీ నమోదయ్యే ప్రాజెక్టు ఫైలు గురించి చెప్పాలని రాసుకొచ్చాను. కానీ అసిస్టెంట్ అనే మాట నోట్లోంచి వచ్చేసింది. ఇక ఆగలేను. అసలు ఈ సభకు ఒప్పుకున్నదే ఆ సంగతి చెప్పడానికి.

ఒక డాక్యుమెంటరీ చేస్తున్నాం. ముగ్గురం, మూడు చోట్ల. రషెస్ అన్నీ ఒకే సింక్ ఫోల్డర్‌లో, అంటే క్లౌడ్‌లోనూ ముగ్గురి మెషీన్లలోనూ ఒకేలా ఉండే ఫోల్డర్‌లో. అందులో ఒక పాత తరం సౌండ్ రికార్డిస్టు ఇంటర్వ్యూ, 11 నిమిషాలు. చేతులు వణుకుతున్నా టేపు ఎలా అతికించేవారో గాలిలో చేసి చూపించారు. షూట్ అయిన కొన్ని వారాలకే ఆయన పోయారు.

మా అసిస్టెంట్ కుర్రాడి లాప్‌టాప్ నిండిపోయింది. "క్లౌడ్‌లో ఎలాగూ ఉంది కదా, నా దగ్గరున్నది తీసేద్దాం" అనుకుని ఆ ఫోల్డర్ డిలీట్ కొట్టాడు. సింక్ తన పని తాను చేసింది. అతని దగ్గర పోయింది కాబట్టి క్లౌడ్‌లో తీసేసింది, నా మెషీన్‌లోనూ తీసేసింది. ట్రాష్‌లో 30 రోజులు ఉంది. మేం చూసుకున్నది 40వ రోజున.

ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు తెలియలేదంటారా? ప్రాక్సీలు నా సొంత డిస్కులో వేరే ఫోల్డర్‌లో ఉన్నాయి. టైమ్‌లైన్ హాయిగా ప్లే అవుతోంది. ఒరిజినల్స్ లేవన్న సంగతి ఫైనల్ ఎక్స్‌పోర్ట్‌కు కూర్చున్నప్పుడు బయటపడింది. "మీడియా ఆఫ్‌లైన్" అని ఎర్రగా. కెమెరా కార్డులు అప్పటికే ఫార్మాట్ చేసి ఇంకో షూట్‌కు వాడేశాం.

చివరికి 4కె సినిమాలో ఆ 11 నిమిషాలూ చాలా తక్కువ స్పష్టత ఉన్న 720పి ప్రాక్సీయే వేశాం. కలర్ దిద్దబోతే ఆయన వెనకున్న గోడ చారలు చారలుగా విడిపోయింది. మొదటి ప్రదర్శనలో ఒకాయన వచ్చి, "పాత టేపులా కనిపించేలా భలే చేశారండీ" అని నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. ఏం చెప్పను?

ఒక్కసారి చేతులెత్తండి. ఈ నిమిషాన మీ రషెస్ సింక్ ఫోల్డర్‌లో తప్ప ఇంకెక్కడా లేనివాళ్లు? మొహమాటపడకండి. అమ్మో, ఇంతమందా!

చూడండి, సింక్ వేరు, బ్యాకప్ వేరు. ఒక కాపీలో చేసిన తప్పును మిగతా కాపీలకు చేరవేసేది సింక్. లాప్‌టాప్‌లో చోటు కావాలంటే డిలీట్ కొట్టకూడదు. "ఆన్‌లైన్ ఓన్లీ" అనో, "ఫ్రీ అప్ స్పేస్" అనో వేరే ఆప్షన్ ఉంటుంది. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క వినే ఉంటారు: మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజ్ మీడియా, ఒకటి వేరే చోట. కాపీలు చెక్‌సమ్‌తో, అంటే ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే గుర్తు సంఖ్యతో, సరిచూసేదాకా కార్డు ఫార్మాట్ చేయొద్దు. ఆ మాట ఆ రోజు నేనే చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు.

చీటీ వచ్చింది, టైమ్ అయిందట. ప్రాజెక్టు ఫైలు సంగతి రెండు ముక్కల్లో. సింక్ ఫోల్డర్‌లో ఉన్న ఒకే ప్రాజెక్టును ఇద్దరు తెరిచి సేవ్ చేస్తే ఒకరి పని ఇంకో కాపీగా పక్కకు పోతుంది, ఏది అసలుదో తెలియదు. అందరూ ఒకే ప్రాజెక్టు మీద కలిసి పని చేయడానికి రిజాల్వ్ వాడేవాళ్లకు 2022లో 18వ వెర్షన్‌తో బ్లాక్‌మ్యాజిక్ క్లౌడ్ వచ్చింది, ప్రీమియర్‌లో టీమ్ ప్రాజెక్ట్స్ ఉంది. అవి వాడండి. సాఫ్ట్‌వేర్ తాత్కాలిక ఫైళ్లు దాచుకునే కాష్ ఫోల్డర్ మాత్రం సింక్‌లో పెట్టకండి, వేల చిన్న ఫైళ్లు ఎక్కుతూ దిగుతూ నెట్ మొత్తం తినేస్తాయి.

ప్రశ్నలుంటే బయట అడగండి. అన్నట్టు, ఆ డిలీట్ కొట్టిన కుర్రాడు వెనక వరసలో ఉన్నాడు. ఇప్పుడు మా బ్యాకప్‌లన్నీ చూసేది అతనే. నాకంటే బాగా చెబుతాడు.