చెక్కలో ప్రోటీన్ ఎంత, గొర్రెకు దక్కేది ఎంత?

[తెర మీద: దాణా బస్తా లేబుల్, దగ్గరగా. "ముడి ప్రోటీన్ 45%"]

ఈ 45 శాతం కోసం ల్యాబ్‌లో ఎవరూ ప్రోటీన్‌ను నేరుగా కొలవలేదు. చెక్కలో, అంటే గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పిలో, నత్రజని 7.2 శాతం ఉందని తేల్చి, దాన్ని 6.25తో హెచ్చవేశారు. అంతే. అందులో గొర్రె ఒంటికి పట్టేదెంతో ఆ అంకె చెప్పదు.

అది తెలియాలంటే తినిపించి చూడాలి. ఇందుకు ఎక్కువగా పొట్టేళ్లనే వాడతారు. మూత్రం, పెంటికలు కలవకుండా పట్టడం వాటితో సులువు. కొన్నాళ్లు అదే మేత అలవాటు చేసి, తర్వాత రోజూ తిన్నదీ, పెంటికలుగా వచ్చిందీ తూకం వేస్తారు. తిన్న ప్రోటీన్‌లోంచి పెంటికల్లో పోయింది తీసేస్తే మిగిలేదే జీర్ణమైన భాగం.

లెక్క తేలికే. తిరకాసు ఇక్కడుంది.

[తెర మీద: రెండు పొట్టేళ్లు, పక్కన అంకెలు]

పెంటికల్లో ఉండేది అరగని మేత ఒక్కటే కాదు. పేగుల్లోంచి రాలిన కణాలు, సూక్ష్మజీవులు కూడా ఉంటాయి. వాటి వాటా రోజుకు 24 గ్రాముల ప్రోటీన్ అనుకుందాం. మొదటి పొట్టేలు 60 గ్రాముల ప్రోటీన్ తింది, అందులో 6 అరగలేదు. పెంటికల్లో మొత్తం 30. అంటే జీర్ణత 50 శాతం! రెండోదానికి మేత అంతే, అందులో చెక్క వాటా ఎక్కువ. 120 గ్రాములు తింది, 12 అరగలేదు, పెంటికల్లో మొత్తం 36. జీర్ణత 70 శాతం. నిజానికి రెండింటికీ మేతలో అరిగింది 90 శాతమే. కాబట్టి ఎంత ప్రోటీన్ ఉన్న మేతలో కొలిచారో చూడకుండా రెండు చెక్కల జీర్ణతను పోల్చడం దండగ.

[తెర మీద: గొర్రె పొట్టలోని నాలుగు గదులు]

పోనీ, అరిగిందంతా ఒంటికి పడుతుందా? అదీ లేదు. పెద్ద పొట్టలో, అంటే రూమెన్‌లో, సూక్ష్మజీవులు ప్రోటీన్‌ను చాలావరకు అమ్మోనియాగా విడగొట్టి, దాంతో తాము పెరుగుతాయి. ఆ సూక్ష్మజీవులే తర్వాత గొర్రెకు ప్రోటీన్. అయితే అవి పెరగాలంటే గింజల్లాంటి మేత నుంచి శక్తి అందాలి. అది చాలకపోతే మిగిలిన అమ్మోనియా కాలేయంలో యూరియాగా మారి, చాలావరకు మూత్రంలో పోతుంది. జీర్ణత లెక్కలో మాత్రం అదీ 'అరిగింది' కిందే జమ! నన్నడిగితే, ఒక్క జీర్ణత శాతం చూసి చెక్క ఎంచుకోవడం సగం పనే.

[తెర మీద: లేత రంగు చెక్క, పక్కన మాడిన చెక్క]

నూనె తీసేటప్పుడు తగిలే వేడి కూడా ముఖ్యమే. మితమైన వేడి తగిలిన ప్రోటీన్ రూమెన్‌లో అంత త్వరగా విడిపోదు, అది మంచిదే. మరీ మాడితే ప్రోటీన్‌లోని లైసిన్ అనే అమైనో ఆమ్లం చక్కెరలతో ముడిపడిపోయి పేగుల్లోనూ అరగదు. నత్రజని మాత్రం అలాగే ఉంటుంది కనుక లేబుల్‌లో తేడా కనబడదు. ముదురు రంగు, మాడు వాసన ఉంటే వద్దనుకోండి.

ఇక ఎవరికి ఏది? వేరుశనగ, పొద్దుతిరుగుడు చెక్కలు రూమెన్‌లో త్వరగా విడిపోతాయి. పత్తిగింజల, కొబ్బరి చెక్కల్లో వాటికంటే ఎక్కువ వాటా పేగుల దాకా చేరుతుంది. ఎండుగడ్డి మీద ఉన్న జీవాలకు మొదటి రకం చాలు. సూక్ష్మజీవులకు నత్రజని అందితే గడ్డి కూడా బాగా అరుగుతుంది. వేగంగా పెరిగే పిల్లలకు, కవలలకు పాలిచ్చే తల్లులకు రెండో రకం కూడా కలపాలి. పాలు మరవని పిల్లలకు మాత్రం పత్తి చెక్క పెట్టకండి. దాంట్లోని గాసిపాల్ అనే విషాన్ని విరిచే రూమెన్ వాటికి ఇంకా తయారవదు.