రెండో నోడ్ పోయిన రాత్రి

అందరికీ నమస్కారం.

నా చేతిలో ఉన్నవి రెండు ఎస్‌ఎస్‌డీలు, అంటే డేటా దాచే డిస్కులు. ఒకే రోజు కొన్నవి, ఒకే పెట్టెలోంచి తీసినవి. మా సర్వర్ లేవడానికి కావలసిన బూట్ డిస్కులుగా, ఒకదానికొకటి మిర్రర్‌గా, అంటే అచ్చు కాపీగా ఉండేవి. మొదటిది పోయినప్పుడు సర్వర్ బుద్ధిగా మెయిల్ పంపింది. కాకపోతే ఆ మెయిల్ వెళ్లింది ఎప్పుడో ఉద్యోగం మానేసిన మనిషికి. రెండు నెలల తర్వాత ఓ ఆదివారం రాత్రి రెండోది కూడా పోయింది.

మాది చిన్న సెటప్. మూడు సర్వర్లు (ఒక్కోదాన్ని నోడ్ అంటాం, మూడూ కలిస్తే క్లస్టర్), వాటి మీద ప్రాక్స్‌మాక్స్. తెలియనివాళ్ల కోసం చెబుతాను: ఒక సర్వర్ మీద చాలా వర్చువల్ మెషీన్లను, అంటే వీఎంలను నడపడానికి వియన్నాలోని ఓ కంపెనీ తయారుచేసే సాఫ్ట్‌వేర్ అది, మొదటి వెర్షన్ 2008లో వచ్చింది. కింద ఉండేది డెబియన్ అనే లినక్స్, వీఎంలను నడిపే కేవీఎం. స్టోరేజీకి సెఫ్, అన్ని నోడ్‌ల డిస్కులనూ కలిపి ఒకే స్టోరేజీగా వాడుకోనిచ్చే సాఫ్ట్‌వేర్. ఒక్కో నోడ్‌లో నాలుగు డేటా డిస్కులు, ప్రతి డేటాకీ మూడు నోడ్‌లలో మూడు కాపీలు.

డిస్క్ పోగానే వాచ్‌డాగ్, అంటే మొరాయించిన నోడ్‌ను రీసెట్ చేసే కాపలాదారు, ఆ నోడ్‌ను రీసెట్ చేసింది. అది తిరిగి లేవలేదు. హెచ్‌ఏ (నోడ్ పోతే వీఎంను వేరే నోడ్ మీద లేపే ఏర్పాటు) పెట్టిన వీఎంలు రెండు మూడు నిమిషాల్లో పక్క నోడ్‌ల మీద వాటంతట అవే లేచాయి. హెచ్‌ఏ పెట్టనివి ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఏవి పెట్టలేదో మాకు ఆ రాత్రే తెలిసింది.

ఇక్కడ కోరం గురించి చెప్పాలి. అపార్ట్‌మెంట్ సొసైటీ మీటింగులో మనం వాడే కోరమే ఇది. మూడు ఓట్లలో రెండు ఉంటే క్లస్టర్ నిర్ణయాలు తీసుకోగలదు. ఒక్కటే మిగిలితే క్లస్టర్ సెట్టింగులన్నీ ఉండే, ఈటీసీ కింది పీవీఈ ఫోల్డర్ చదవడానికే తప్ప రాయడానికి పనికిరాదు, కొత్తగా ఒక్క వీఎం కూడా స్టార్ట్ కాదు. మాకు రెండు మిగిలాయి కాబట్టి బతికిపోయాం. అదే సమయంలో మా కుర్రాడొకడు, ‘సార్, ఎక్స్‌పెక్టెడ్ వన్ అని ఒక కమాండ్ ఉంది, కొట్టేయనా?’ అన్నాడు. ఒక్క ఓటు ఉన్నా చాలని క్లస్టర్‌కు చెప్పే కమాండ్ అది. మీటింగుకు రాని సభ్యుల సంతకాలు మనమే పెట్టుకోవడం లాంటిది. నిజంగా ఒక్క నోడే మిగిలి, మిగతావి చచ్చాయని కళ్లతో చూసినప్పుడు వాడాల్సిన కమాండ్. మాకు ఆ అవసరమే లేదు.

నేను మొదట చేయించిన పని ఆ నోడ్ పవర్ కేబుళ్లు రెండూ పీకించడం. ఆ తర్వాతే వీఎంల సంగతి. ప్రాక్స్‌మాక్స్‌లో ప్రతి వీఎంకీ ఒక చిన్న కాన్ఫిగ్ ఫైల్ ఉంటుంది. దాన్ని పోయిన నోడ్ ఫోల్డర్‌లోంచి బతికున్న నోడ్ ఫోల్డర్‌లోకి మూవ్ చేస్తే వీఎం అక్కడిదైపోతుంది. డిస్కులు సెఫ్‌లోనే ఉన్నాయి, వాటిని కదిపే పని లేదు. అంత సులువు కాబట్టే ప్రమాదం. పాత నోడ్ సగం ప్రాణంతో ఉండి, అదే వీఎంను అక్కడా నడుపుతుంటే, ఒకే డిస్క్ మీద ఇద్దరు రాస్తారు. ఒకే ఒరలో రెండు కత్తులు. ఫైల్‌సిస్టమ్ తుక్కుతుక్కు అవుతుంది, మూడు కాపీలూ కలిసి ఆ తుక్కునే భద్రంగా దాచిపెడతాయి.

మెమరీ సరిపోలేదు. నోడ్‌కు 256 జీబీ, మూడు కలిపి 768. మేం 560 దాకా వాడేస్తున్నాం. రెండు నోడ్‌లకు ఉండేదే 512, అందులో సెఫ్ ఒక్కో డిస్కుకు నాలుగు జీబీ దాకా తింటుంది. ఏ వీఎంలు ఆపాలో రాత్రి పన్నెండింటికి ఫోన్లు చేసి అడగాల్సి వచ్చింది. ‘మాది టెస్ట్ సర్వరే, ఆపుకోండి’ అన్నవాళ్లు ఒక్కరూ లేరు.

మర్నాడు కొత్త ఎస్‌ఎస్‌డీలు వచ్చాయి. ఈసారి రెండు వేర్వేరు కంపెనీలవి తెప్పించాను. ఇన్‌స్టాల్ చేసే ముందు నాలుగు డేటా డిస్కుల ట్రేలనూ అంగుళం బయటికి లాగి పెట్టాం. ఇన్‌స్టాలర్‌లో డిస్క్ పేర్లన్నీ ఒకేలా కనిపిస్తాయి. నిద్రలేని కళ్లను నేను నమ్మను.

బతికున్న నోడ్ నుంచి డెల్‌నోడ్ కమాండ్‌తో పాత సభ్యుణ్ణి తీసేశాం. తీసేసిన నోడ్‌ను పాత ఇన్‌స్టలేషన్‌తో మళ్లీ అదే నెట్‌వర్క్‌లో ఆన్ చేయకూడదు, అది తానింకా సభ్యుణ్ణే అనుకుంటుంది. డెల్‌నోడ్ తర్వాత కూడా పాత నోడ్ ఫోల్డర్ మిగిలే ఉంటుంది. దాన్ని చెరిపే ముందు లోపల ఒక్క కాన్ఫిగ్ కూడా మిగల్లేదని చూసుకోండి. మేమైతే ముందే కాపీ తీసి పెట్టుకున్నాం.

కొత్త నోడ్‌కు కొత్త పేరు పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. ఎస్‌ఎస్‌హెచ్ కీల (నోడ్‌లు ఒకదాన్నొకటి గుర్తుపట్టే తాళాల) గొడవ తప్పుతుంది, నిజమే. కానీ సెఫ్ డేటా డిస్కులు క్షేమంగా ఉంటే పాత పేరే మేలని నా అభిప్రాయం. లేచిన డిస్కులు తమ పాత గూటికే చేరతాయి. పేరు మారిస్తే సెఫ్ మ్యాప్‌లో కొత్త గూడు పుట్టి, డేటా అనవసరంగా కదిలే అవకాశం ఉంది. కీల గొడవకు అప్‌డేట్‌సర్ట్స్ కమాండ్ ఉండనే ఉంది. మానిటర్ (క్లస్టర్ స్థితిని గుర్తుపెట్టుకునే సెఫ్ భాగం) డేటా బూట్ డిస్క్‌తో పాటే పోయింది కాబట్టి దాన్ని మాత్రం తీసేసి కొత్తగా చేశాం.

ట్రేలు లోపలికి నెట్టి, ఓఎస్‌డీలను, అంటే ఒక్కో డేటా డిస్కును చూసుకునే సెఫ్ ప్రోగ్రాములను, యాక్టివేట్ చేశాం. నాలుగూ లేచాయి. చప్పట్లు కొట్టుకున్నాం. నిమిషంలో రెండు పడిపోయాయి. మళ్లీ లేచాయి, మళ్లీ పడ్డాయి. నెట్‌వర్క్ బాగుందో లేదో చూసే పింగ్ చక్కగా వెళ్తోంది. లాగ్‌లు చూశాం, వెర్షన్లు చూశాం, కీరింగ్‌లు చూశాం. మూడు గంటలు పోయాయి. చివరికి 8972 బైట్ల పింగ్, ముక్కలు చేయొద్దని చెప్పి పంపితే, ఒక్కటీ తిరిగి రాలేదు. సర్వర్‌ను రాక్‌లోంచి తీసి మళ్లీ పెట్టేటప్పుడు స్టోరేజ్ కేబుల్‌ను స్విచ్‌లో పక్క పోర్ట్‌లో గుచ్చాం. ఆ పోర్ట్‌లో జంబో ఫ్రేమ్‌లు, అంటే మామూలుకన్నా పెద్ద ప్యాకెట్లు, ఆన్ చేసి లేవు. మామూలు పింగ్ 64 బైట్లది, ఏ సందులోంచైనా దూరిపోతుంది. సెఫ్ హార్ట్‌బీట్, అంటే ‘బతికే ఉన్నాను’ అని డిస్కులు ఒకదానికొకటి పంపుకునే కబురు, మాత్రం రెండు వేల బైట్లది. అది రాకపోతే పక్క డిస్కులు ‘ఇది చచ్చింది’ అని చెప్పేస్తాయి.

కేబుల్ ఒక పోర్ట్ పక్కకు మార్చాం. సాయంత్రానికి అన్నీ క్లీన్ అని చూపించింది. డేటా డిస్కులు పాతవే కాబట్టి, ఆ మధ్యలో మారిన డేటా మటుకే కాపీ అయింది.

అలర్ట్ మెయిల్ ఇప్పుడు ఐదుగురికి వెళ్తోంది. అందులో ఒకాయన వాటిని నేరుగా చెత్తబుట్టలోకి పోయేలా ఫిల్టర్ పెట్టుకున్నారని మొన్నే తెలిసింది. ఆయన ఈ హాల్లోనే ఉన్నారు, పేరు చెప్పను. ఇక ప్రశ్నలు అడగండి.